జోలె, గిటారు, లెక్కల పుస్తకం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడడానికి నాకంటే సమర్థులున్నారు కనుక, కార్యదర్శి గారు నాకు "సంగీతం - సమాజం" అనే అంశం ఇచ్చారు. నాకు రాగం తెలియదు, తాళం తెలియదు. ముప్ఫయ్యారేళ్లు ఫైళ్లు కట్టినవాణ్ణి. సంగీతం గురించి గుమాస్తా మాట్లాడితే ఎట్లుంటుందో అట్లే ఉంటుంది, మన్నించండి.

మా మనవడు బెంగళూరులో చదువుతున్నాడు. ఆ మధ్య ఏదో రాక్ సంగీత కచేరీకి పోయివచ్చి రెండు రోజులు గొంతు పెగలక సైగలు చేశాడు. టిక్కెట్టు ఖరీదు విని నాకూ గొంతు పెగల్లేదు. "ఈ గిటార్లు, ఈ అరుపులు, వీటితో ఎవరికేమి ఒరిగిందిరా?" అన్నాను. "ఆకలిగొన్న వాళ్లకు ఒరిగింది తాతా" అని నన్ను కూర్చోబెట్టి ఒక పాత సినిమా చూపించాడు.

అది 1971 ఆగస్టు 1న న్యూయార్కులో జరిగిన కచేరీ. 1970 నవంబరులో తూర్పు బెంగాలును పెనుతుపాను ముంచింది. మరుసటి సంవత్సరం అక్కడ యుద్ధం. లక్షలాది కాందిశీకులు మన దేశానికి వచ్చారు. ఆ బాధ చూడలేక సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్ తన శిష్యుడు, బీటిల్స్ బృందంలో ఉండిన జార్జ్ హారిసన్‌ను సాయమడిగారు. హారిసన్ తోటి రాక్ గాయకులను పిలిచాడు. బాబ్ డిలాన్, ఎరిక్ క్లాప్టన్ వంటివారు వచ్చారు. ఒకే రోజు రెండు కచేరీలు, మొత్తం సుమారు 40 వేల మంది శ్రోతలు. మొదట రవిశంకర్, సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ గార్లు కూర్చుని శ్రుతి చేసుకుంటుంటే, అదే పాట అనుకుని జనం చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే వాద్యం ఇంకా నచ్చుతుందని రవిశంకర్ నవ్వుతూ అన్నారు.

అట్లాగే 1985 జూలై 13న బాబ్ గెల్డాఫ్ అనే గాయకుడు పూనుకుని, ఇథియోపియా కరువు కోసం లండన్‌లోను, అమెరికాలోని ఫిలడెల్ఫియాలోను ఒకే రోజు 'లైవ్ ఎయిడ్' కచేరీలు పెట్టించాడు. దేశదేశాల ప్రజలు టెలివిజన్‌లో చూసి చందాలిచ్చారు.

ఇదంతా చూశాక నేను మనవడితో అన్నాను: "నాయనా, ఈ పని మనవాళ్లు అంతకు ముందే చేశారు. అదీ మన కరువు కోసమే చేశారు."

1952లో రాయలసీమ కరువు మీలో పెద్దవారికి తెలుసు. గంజి కేంద్రాల ముందు జనం చట్టి పట్టుకుని వరుసలో నిలబడిన కాలం. అప్పటికి 'పాతాళ భైరవి' వచ్చి ఒక్క ఏడాది. ఆ సినిమా హీరో ఎన్.టి. రామారావు గారు తోటి నటీనటులతో ఊళ్లు తిరిగి, ప్రదర్శనలిచ్చి, రాయలసీమ కోసం విరాళాలు పోగుచేశారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆయన, అక్కినేని నాగేశ్వరరావు గారు కలిసి జోలె పట్టారు. 1952లో నేను ఇంకా చంకబిడ్డను. మా నాయన మాత్రం చెప్పేవాడు: "మనకోసం ఎక్కడో ఎవరో ఆడి పాడుతున్నారంట అని తెలిసేసరికి ఊళ్లో మనుషులకు కొంచెం ధైర్యం వచ్చిందిరా" అని. గంజి కడుపు నింపుతుంది. తమను పట్టించుకునేవాళ్లు ఉన్నారన్న మాట ప్రాణం నిలుపుతుంది.

మనది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వానపడే సీమ. వాన రాకుంటే విరాటపర్వం చదివించాం. రోకలికి కప్పను కట్టి పిల్లలు ఇంటింటికీ పాడుతూ పోతే బిందెలతో నీళ్లు పోశాం. 1969లో అమెరికాలో వుడ్‌స్టాక్ అనే పెద్ద సంగీతోత్సవం జరిగింది. రవిశంకర్ గారు అక్కడ వానలోనే వాయించారు. అక్కడి జనం వాన ఆగమని కేకలు పెట్టారట! మనం రమ్మని పాడేవాళ్లం. ఎవరి కష్టం వారిది. మన తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం గారు 'పెన్నేటి పాట' రాసినందువల్లనే కదా, ఈ ఎండిన ఏటి బాధ సర్కారు జిల్లాల వారికీ తెలిసింది.

ఇప్పుడు గుమాస్తా మాటకు వస్తాను. న్యూయార్కు కచేరీకి గేటు వసూలు సుమారు 2 లక్షల 43 వేల డాలర్లు యూనిసెఫ్‌కు చేరింది. బాగుంది. కానీ తర్వాత పాటల రికార్డుల మీద, సినిమా మీద వచ్చిన పెద్ద మొత్తం ఏళ్ల తరబడి అమెరికా పన్నుల శాఖ తనిఖీలో ఇరుక్కుంది. ఎందుకు? ఇది ధర్మకార్యం, పన్ను మినహాయింపు ఇవ్వండి అని ముందుగా దరఖాస్తు పెట్టలేదు. అన్ని వేలమంది మనసు కరిగింది, కాగితం కరగలేదు.

ఇది విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. అదే 1985లో, వాళ్లు లండన్‌లో పాడుతున్న సంవత్సరంలోనే, నేను ఒక కార్యాలయంలో కరువు సెక్షన్ చూస్తున్నాను. ఒక పల్లె నుంచి చెక్కభజన వాళ్లు నలుగురొచ్చారు. చుట్టుపక్కల ఊళ్లలో పదకొండు రాత్రులు భజన చేసి 1,140 రూపాయలు పోగుచేసినారు. అంతా చిల్లర, తువ్వాలలో మూటగట్టి తెచ్చినారు. "సామీ, దీనికి ఇంకొంత కలిపి మా ఊరికి గడ్డి డిపో పెట్టించండి" అన్నారు.

నేనేం చేశానో తెలుసా? "ఈ సొమ్ము ఏ పద్దు కింద జమకట్టాలి?" అని కొర్రీ వేశాను. నోటు పైకి పోయింది, వివరణ కోరుతూ కిందికి వచ్చింది. ఆ మూట వాళ్లతోనే తిప్పి పంపాను. జవాబు వచ్చేసరికి రెండు నెలలు దాటింది. అప్పటికి ఆ ఊరి ఎద్దులు సంతలో కారుచౌకగా అమ్ముడుపోయినాయి. నిబంధన ప్రకారం నా తప్పు లేదు. కానీ ఒక్క అరగంట కూర్చోబెట్టి, "అయిదుగురు పెద్దలతో కమిటీ వేసుకోండి, ఇచ్చినవారికి రశీదులు రాయండి, గడ్డి మీరే కొనండి" అని చెప్పివుంటే సరిపోయేది. చెప్పడం నాకు తెలుసు. చెప్పలేదు. ఆ నలుగురిలో పెద్దాయన పోతూ పోతూ నాకు దండం పెట్టాడు. ఆ దండం నలభై ఏళ్లుగా నన్ను వదలలేదు.

మిత్రులారా, పాట మనిషి చేతిని జేబులోకి పోనిస్తుంది. అక్కడి నుంచి ఆకలిగొన్నవాడి దాకా సొమ్మును చేర్చేది రశీదు, లెక్కలు, సకాలంలో ఒక సంతకం. పాడేవాళ్లకు ఈ పని తెలియదు. మనకు పాట రాదు కానీ ఈ పని వచ్చు. కొర్రీ వేయడం తెలిసినవాడికి, కొర్రీ పడకుండా కాగితం రాయడమూ తెలుసు.

కాబట్టి నాది ఒకటే మనవి. మన పిల్లలు, మనవళ్లు గిటారు పట్టినా, చెక్కలు పట్టినా విసుక్కోకండి. ఈ ఊరి చెరువు కోసమో, ఎండిన పల్లెలో పశువుల కోసమో పాడతామని వాళ్లు ముందుకొస్తే, మనం వెనక బల్ల వేసుకుని కూర్చుని రశీదులు రాద్దాం, లెక్క చూద్దాం, చివరి రూపాయి వరకు నోటీసు బోర్డులో అంటిద్దాం. పెన్షన్ తీసుకుంటున్నామే గానీ చేతిరాత ఇంకా చెడిపోలేదు కదా.

మా మనవడికి కూడా ఇదే చెప్పాను. "నువ్వు పాడరా, లెక్క నేను రాస్తాను" అన్నాను. వాడు సరేనన్నాడు. మీ అందరి సహకారం కూడా ఉండాలని కోరుతున్నాను.