పరీక్ష కాగితం మీద కాదు, బిడ్డ పక్కన
(షోలాపూర్ పేట సభలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



మేము మిల్లులో చేరినప్పుడు జాబరు మా చేత పరీక్షలు రాయించలేదు. పక్కన నిలబడి, తెగిన పోగు ముడి వేయించి చూశాడు. ముడి జారితే మళ్లీ వేయించాడు. ఆశా అక్కలకు శిక్షణ అయ్యాక జరిపే పరీక్ష కూడా అలాగే ఉండాలని మేమంటున్నాం.

ఆశా పథకం 2005లో పల్లెలకే వచ్చింది. 2013లో పట్టణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక మన పేటల వంటి బస్తీలకూ వచ్చింది. బిడ్డ ఆస్పత్రిలో పుడితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో అక్క ఇంటికొచ్చి చూడాలి. ఈ పద్ధతికి మూలం మన మహారాష్ట్రలోనే, గడ్చిరోలిలో ఉంది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాల్లో పల్లె స్త్రీలకు పని నేర్పితే పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలు అచ్చు వేసింది. చేతికి పని వచ్చింది కనుకే తగ్గాయి.

శిక్షణ ముగించిన ఒక అక్క వెంట మా కమిటీ సోదరీమణులు ఓ బాలింత ఇంటికి వెళ్లారు. అడిగినవన్నీ గడగడా చెప్పింది. తూచేటప్పుడు మాత్రం ఖాళీ జోలె తగిలించి ముల్లును సున్నాకు తేవడం మరిచింది. బిడ్డ 2550 గ్రాములు తూగింది. సరిచేసి తూస్తే 2400! 2500కు తక్కువైతే తక్కువ బరువు బిడ్డ; వెచ్చగా ఉంచాలి, పాలు మాటిమాటికీ పట్టాలి. ఊపిరి నిమిషం నిండా లెక్కించాలి, 60 గానీ అంతకు మించి గానీ ఉంటే మళ్లీ లెక్కించి ఆస్పత్రికి పంపాలి. ఆమె అర నిమిషం లెక్కించి రెట్టింపు చేసింది. తప్పు ఆమెది అనం. శిక్షణలో తక్కెడ ఒక్కటే ఉందట, తన వంతు రానేలేదట.

మరొకటి. శిక్షణ మరాఠీలో, ఇంట్లో అత్తగారికి వచ్చింది తెలుగు. చెప్పింది ఆమె చేత తిరిగి చెప్పించుకుందా లేదా, అదీ చూడాలి. మన ఇళ్లలో దగ్గును దూది దుమ్ము మీదికి తోసేస్తారు (మేమూ తోసినవాళ్లమే). రెండు వారాలు దాటిన దగ్గుకు అక్క కఫం పరీక్షకు పంపిందా?

అయితే పరీక్షలో తప్పిందని ప్రోత్సాహకం కోస్తే ఊరుకోం. అసలే వాళ్లను కార్మికులుగా లెక్కించడం లేదు. తప్పిన పని మళ్లీ నేర్పాలి, కొన్నాళ్లకు ఇంటి దగ్గరే మళ్లీ చూడాలి. శిక్షణలో ప్రతి ఐదుగురికి ఒక తక్కెడ ఇవ్వాలని నగరపాలికకు అర్జీ రాశాం. సంతకాల కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. బాలింతలున్న ఇళ్లవారు ముందు సంతకం చేయండి.