రోడ్డు ప్రమాద పరిహారం – కార్మిక సంఘాల బాధ్యత

(రవాణా, హమాలీ, నిర్మాణ కార్మిక సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఒప్పగించిన అంశం, రోడ్డు ప్రమాదంలో గాయపడిన కార్మికునికి న్యాయమైన పరిహారం సాధించడం. వేతనం, బోనస్, గ్రాట్యుటీ వలె ఇది మన సంఘాలు నిత్యం చర్చించే విషయం కాదు. ప్రమాదం జరిగిందని తెలియగానే మనవారు ఆసుపత్రికి పరుగెత్తుతారు, రక్తం ఇస్తారు, చందాలు పోగుచేస్తారు. ఆ తరువాత కేసు సంగతిని వకీలుకు, ఇన్సూరెన్సు కంపెనీకి వదలివేస్తారు. సంఘం పని అక్కడితో ముగిసినదని భావిస్తున్నాము. సంఘం తప్ప మరెవరూ చేయలేని పని సరిగా అక్కడే మొదలవుతుందని నా మనవి.

ముందుగా ఒక లెక్క వేద్దాము. మిర్చి యార్డులో బస్తాలు మోసే 34 ఏళ్ల హమాలీని ఉదాహరణగా తీసుకొందాము. నెలకు సగటున 15,000 రూపాయల కూలి. సాయంత్రం సైకిలుపై ఇంటికి పోతుండగా వెనుకనుండి లారీ గుద్దినది. ఎడమ మోకాలు నుజ్జయినది. ఎముక అతికినది గాని మోకాలు ముడవదు, బరువు ఆనదు. మెడికల్ బోర్డు 40 శాతం శాశ్వత వైకల్యమని సర్టిఫికేటు ఇచ్చినది.

సుప్రీంకోర్టు 2009లో స్థిరపరచిన పట్టిక ప్రకారం 31 నుండి 35 ఏళ్ల వయస్సువారికి సంవత్సరాదాయాన్ని 16తో గుణించాలి. నలభై ఏళ్ల లోపు స్వయం ఉపాధిపై గాని, స్థిర వేతనంపై గాని బ్రతికేవారి ఆదాయానికి, భవిష్యత్తులో పెరిగే సంపాదన క్రింద 40 శాతం కలపాలని 2017లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పినది. అది మరణించినవారి కేసు. గాయపడినవారికి కూడ ఈ పెరుగుదల వర్తిస్తుందని 2018లోను, 2020లోను వచ్చిన తీర్పులు స్పష్టం చేసినవి. కనుక మన హమాలీ నెలసరి ఆదాయం 21,000 రూపాయలు, సంవత్సరానికి 2,52,000. దానిని 16తో గుణిస్తే 40,32,000 రూపాయలు.

ఇందులో 40 శాతమే నష్టమని తీసుకొంటే అతనికి వచ్చేది 16,12,800. ఇక బస్తా ఎత్తలేని హమాలీకి సంపాదన పూర్తిగా పోయినదని తీసుకొంటే మొత్తం 40,32,000 రూపాయలూ రావాలి. రెండింటి మధ్య తేడా 24,19,200 రూపాయలు. ఒకే మనిషి, ఒకే కాలు, ఒకే సర్టిఫికేటు. ఈ ఇరువది నాలుగు లక్షల తేడా ఎక్కడిది? మెడికల్ బోర్డు కాలును కొలిచినది. కాలు పోయినందున పోయిన పనిని కొలిచినవారు ఎవరూ లేరు.

ఈ భేదాన్ని సుప్రీంకోర్టు ఎన్నడో గుర్తించినది. ఎడమచేయి మోచేతి పైభాగాన కోల్పోయిన ఒక వడ్రంగి కేసులో, ఒంటిచేతితో వడ్రంగం సాగదు గనుక అతనిది సంపూర్ణ వైకల్యమేనని 1975 డిసెంబరులో తీర్పు చెప్పినది. అది కార్మిక పరిహార చట్టం క్రింద వచ్చిన కేసు. రోడ్డు ప్రమాదాల విషయంలో 2010లో వచ్చిన తీర్పు ఇంకను వివరంగా ఉన్నది. ఎడమచేయి తెగిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదనా శక్తి దాదాపు నూటికి నూరుపాళ్లు పోవచ్చును. అదే గాయం తగిలిన ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చును. కనుక ట్రిబ్యునలు మూడు ప్రశ్నలు వేసుకోవాలని ఆ తీర్పు ఆదేశించినది. ఈ గాయంతో అతడు ఏ పనులు చేయగలడు, ఏవి చేయలేడు? ప్రమాదానికి పూర్వం అతని వృత్తి, పని స్వభావం, వయస్సు ఏమి? ఇప్పుడు అతనికి జీవనోపాధి పూర్తిగా పోయినదా, పాత పనే కొంతవరకు సాగుతుందా, లేక మరొక పని చూసుకొనగలడా?

మొదటి ప్రశ్నలో కొంతభాగానికి డాక్టరు సమాధానం చెప్పగలడు. మిగిలినవి డాక్టరుకు తెలియవు. హమాలీ రోజుకు ఎన్ని బస్తాలు ఎత్తుతాడో, లారీపై పేర్చిన బస్తాల మీదకు ఎట్లా ఎక్కుతాడో, కుంటుతూ నడిచేవానిని ముఠాలో ఎందుకు చేర్చుకోరో డాక్టరు చెప్పలేడు. వకీలుకు కూడ తెలియదు. తెలిసినవారు మనమే. "ఇతడు కాపలా ఉద్యోగం చేసుకొనగలడు" అని ఇన్సూరెన్సు వకీలు వాదించినపుడు, ఆ యార్డులో కాపలా ఉద్యోగాలు ఎన్ని ఉన్నవి, వాటికి ఇచ్చే జీతమెంత అనేది బోనెక్కి చెప్పగలవాడు ముఠా మేస్త్రీ. అందువలననే సంఘం సాక్షి కావాలని కోరుతున్నాను.

కూలి రుజువు విషయం కూడ ఇటువంటిదే. మనవారిలో అనేకులకు జీతపు చీటీ ఉండదు. చీటీ లేదనే కారణంతో ఆదాయాన్ని తగ్గించివేయడం ట్రిబ్యునళ్లలో తరచుగా జరుగుతున్నది. బెంగుళూరులో 2004లో గాయపడిన ఒక కూలీ తన సంపాదన నెలకు 4,500 రూపాయలని చెప్పాడు. ట్రిబ్యునలు 3,000 మాత్రమే అంగీకరించినది. అసంఘటిత కూలీని కాగితాలు తెమ్మనడం న్యాయం కాదని, అతడు చెప్పిన మొత్తం ఆ రోజుల కూలి రేట్లకు తగినదేనని సుప్రీంకోర్టు 2011లో 4,500నే ఖాయం చేసినది. భారీ వాహనం నడిపే డ్రైవరు కేసులో, జీతపు సర్టిఫికేటు లేనంత మాత్రాన కనీస వేతనాన్నే తుది ప్రమాణంగా పట్టుకోరాదని 2021లో చెప్పినది. తీర్పులు మన పక్షాన ఉన్నవి. అయితే తీర్పు ఉన్నదని ఊరకుంటే ప్రయోజనం లేదు. ముఠా పద్దు పుస్తకం, సంఘం కుదిర్చిన కూలి రేట్ల ఒప్పందం, సభ్యత్వ రశీదులు, తోటి కార్మికుని సాక్ష్యం ట్రిబ్యునలు ముందుకు రావాలి. పద్దు పుస్తకాన్ని సంవత్సరాంతమున పారవేసే శాఖలు నేడు కూడ ఉన్నవి. ఆ పుస్తకం ఒక కుటుంబానికి పది, ఇరువది లక్షల విలువ చేయవచ్చునని గ్రహించాలి.

భవిష్యత్ సంపాదన ఒక పద్దు మాత్రమే. చికిత్స, రాకపోకలు, పుష్టికరమైన ఆహారం, మంచం పట్టిన కాలంలో పోయిన కూలి, మున్ముందు చేయవలసిన ఆపరేషన్లు, సహాయకుని ఖర్చు, బాధకు, కోల్పోయిన జీవన సౌఖ్యానికి వేర్వేరుగా కోరాలి. కృత్రిమ కాలు జన్మకు ఒక్కటి సరిపోదు, కొన్నేళ్లకొకసారి మార్చాలి. ఆ మార్పిడికీ మరమ్మతుకూ అయ్యే ఖర్చును సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో లెక్కలో చేర్చినది. భార్య పని మానుకొని రోగిని చూసుకొంటే దానిని ఉచితంగా లెక్కించరాదు.

ఇక మనవారు పడే గోతులను గురించి చెప్పవలసి ఉన్నది.

మొదటిది తొందరపాటు సంతకం. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను క్రింద, తప్పు ఎవరిదనే విచారణ లేకుండ మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇస్తారు. ఈ సెక్షను 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. 1982లో తప్పుతో నిమిత్తం లేని పరిహారం మొదట చట్టంలోకి వచ్చినపుడు శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలే ఉండినవి. మొత్తం పెరిగినమాట నిజమే. అయితే ఈ సొమ్మును చట్టంలో చెప్పిన పద్ధతిని అంగీకరించి తీసుకొన్నవాని 166వ సెక్షను దరఖాస్తు రద్దవుతుంది. ఆసుపత్రి బిల్లు కట్టలేని స్థితిలో మనిషి దేనికైనా సంతకం పెడతాడు. మన హమాలీ ఆ సంతకం పెట్టితే, నలభై లక్షలకు అడగదగినవాడు రెండున్నర లక్షలతో ఇంటికి పోతాడు. ఇన్సూరెన్సు వారి కాగితం ఏదైనా సంఘం కార్యాలయంలో చదివించుకొనకుండ సంతకం పెట్టరాదని ప్రతి సభ్యునికి చెప్పండి.

రెండవది గడువు. ప్రమాదం జరిగిన ఆరు నెలలలోగా ట్రిబ్యునలులో దరఖాస్తు వేయాలని 2022 నుండి నిబంధన వచ్చినది. దీని చెల్లుబాటుపై సుప్రీంకోర్టులో సవాలు దాఖలై, గడువు దాటినదనే కారణంతో దరఖాస్తులను కొట్టివేయరాదని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వెలువడినది. మధ్యంతర ఉత్తర్వును నమ్ముకొని కూర్చొనరాదు. మనకు ఆరు నెలలంటే ఆరు నెలలే.

మూడవది, "ప్రమాదం ఇక్కడ కాదు గదా" అనే నిరుత్సాహం. ముంబయిలో తాపీపని చేస్తూనో, భివండి మగ్గాల వద్ద పనిచేస్తూనో రోడ్డుపై గాయపడిన మనవాడు కేసు కొరకు అక్కడనే ఉండవలసిన పని లేదు. ప్రమాదం జరిగిన చోట గాని, తాను నివసించే చోట గాని, ప్రతివాది ఉండే చోట గాని దరఖాస్తు వేసుకొనవచ్చును. పాలమూరుకో శ్రీకాకుళానికో తిరిగివచ్చినవాడు తన జిల్లాలోనే వేసుకొనవచ్చును.

నాలుగవది, "తప్పు మనవాడిదే" అని వదలివేయడం. డ్రైవరు పొరపాటున తానే చెట్టుకు గుద్దినపుడు 166వ సెక్షను దారి మూసుకొనిపోతుంది. కాని అతడు విధి నిర్వహణలో గాయపడిన ఉద్యోగి. ఈ.ఎస్.ఐ. పరిధిలో లేనివారికి యజమాని నుండి పరిహారం పొందే హక్కు 1923 చట్టం ద్వారా లభించినది. కేంద్ర కార్మిక సంఘాలనేకం వ్యతిరేకించిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినప్పటి నుండి ఈ హక్కు ఆ స్మృతిలో భాగమైనది. ఇక్కడ ఇతరుల నిర్లక్ష్యాన్ని రుజువు చేయనవసరం లేదు. రెండు దారులూ తెరచి ఉన్నవాడు ఒక్కదానినే ఎన్నుకొనాలి. ఆ ఎన్నిక లెక్క వేసి చేయాలి.

అయిదవది, గుద్దిన వాహనం ఆచూకీ తెలియనిచో ఏమీ రాదనే అపోహ. 2022 పథకం క్రింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు వస్తాయి. ఇది చాలదు, అయినను వదలరాదు. 2025లో ప్రకటించిన మరొక పథకం క్రింద, గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఏడు రోజులవరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు లేకుండ చికిత్స పొందవచ్చును.

ఆరవది దళారీలు. ఆసుపత్రి వరండాలోనే "వచ్చినదానిలో నూటికి ఇంత" అని మాట్లాడుకొనేవారు తిరుగుతుంటారు. వచ్చిన సొమ్ములో వాటా అడగడం న్యాయవాదులకు బార్ కౌన్సిలు నియమావళి నిషేధించినది. కాలు పోగొట్టుకొన్నవాని సొమ్ములో మరొకరికి భాగం లేదు.

కావున ప్రతి శాఖ ఈ నాలుగు పనులు చేపట్టాలని కోరుతున్నాను. ప్రమాద వార్త తెలిసిన రోజుననే ఒక కార్యకర్త పోలీసు స్టేషనుకు పోయి ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని, నలభై ఎనిమిది గంటలలోగా పోలీసులు ఇవ్వవలసిన తొలి ప్రమాద నివేదికను సంపాదించాలి. ఆసుపత్రి బిల్లులు, చీటీలు ఒక్కటి కూడ పోకుండ ఒక సంచిలో దాచాలి. కూలి పద్దు పుస్తకాలను భద్రపరచాలి. సర్టిఫికేటు వచ్చిన తరువాత, "ఈ గాయంతో ఈ పని ఎందుకు సాగదు" అనేదానిని పనిముట్లతో, బరువులతో, గంటలతో సహా ఒక కాగితంపై వ్రాసి వకీలుకు అందించి, చెప్పగలిగిన తోటి కార్మికుని సాక్షిగా నిలబెట్టాలి.

కూలి రేటు కొరకు మనం రోజుల తరబడి సమ్మె చేస్తాము. బస్తాకు ఒక్క రూపాయి పెంచుకొనడానికి ఎంత శ్రమపడతామో మీకు తెలుసు. ఆ కూలి పొందే శక్తినే ఒక సోదరుడు రోడ్డుపై పోగొట్టుకొన్నపుడు, దాని విలువ నిర్ణయించే గదిలో మన మనిషి ఒక్కడు కూడ లేకపోవడం తగదు. తదుపరి వాయిదాకు మీ శాఖ నుండి ఎవరు హాజరవుతారో ఈ తరగతి ముగిసేలోగా నిర్ణయించుకొనండి.

సెలవు.