గీత ఎవరు గీశారు? ఎక్కడి నుంచి కొలిచారు?

(సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన విషయం పేరు కొంచెం బరువుగా ఉంది. చిత్తడి నేలలు, చెరువులు, వాగుల సరిహద్దులు, వాటి చట్టాలు. మన మాటల్లో చెప్పాలంటే అసలు ప్రశ్న ఒక్కటే. చెరువు ఎక్కడ ఆగుతుంది, చేను ఎక్కడ మొదలవుతుంది?

ఈ ప్రశ్న ఇవాళ మన ఇంటి గడప దాకా వచ్చింది. అమ్ముదామని వెళితే నీ భూమి ఎఫ్‌టీఎల్‌లో ఉందంటారు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో సర్వే నంబరు కనిపిస్తుంది. తాత కాలం నుంచి పట్టా ఉన్న రైతు కూడా ఆక్రమణదారుడనే మాట పడుతున్నాడు. ఇంకోవైపు, చెరువులో మట్టి పోసి ప్లాట్లు చేసినవాడు కాగితాలు చూపించి దర్జాగా తిరుగుతున్నాడు.

ఈ హాల్లో ఆయకట్టు రైతులున్నారు, శిఖం పట్టా రైతులూ ఉన్నారు. ఒకరికి చెరువు నిండితే బతుకు, ఇంకొకరికి నీళ్లు వెనక్కి పోతేనే పంట. గీత లోపలికి జరిగితే చెరువు చస్తుంది, బయటికి జరిగితే రైతు చస్తాడు. అందుకే గీత సరిగ్గా ఉండాలని అడగడం ఇద్దరికీ అవసరం. మనలో మనం కొట్లాడుకుంటే లాభపడేది మూడోవాడు.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. చెరువుకు గీత ఒక్కటి కాదు, నాలుగు. ఒక్కో శాఖ ఒక్కో గీత గీసింది. అవి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు.

మొదటిది శిఖం గీత. ఇది రెవెన్యూ శాఖది. సేత్వార్‌లో, పహాణీలో ఫలానా సర్వే నంబరు శిఖం, ఇన్ని ఎకరాల ఇన్ని గుంటలు అని రాసి ఉంటుంది. గ్రామ నక్షాలో చెరువు బొమ్మ ఉంటుంది, టిప్పన్‌లో కొలతలుంటాయి. ఆంధ్ర ప్రాంతంలో అయితే చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు అని అడంగల్‌లో, ఎఫ్‌ఎంబీలో చూస్తారు. ఇది విస్తీర్ణం లెక్క. నీళ్లు ఏ మట్టం దాకా వస్తాయో ఈ గీత చెప్పదు.

రెండోది ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నిల్వ మట్టం. ఇది నీటిపారుదల శాఖది. మత్తడి మీదుగా నీళ్లు పొర్లడం మొదలయ్యే మట్టం ఎంతో, అదే మట్టంలో చెరువు చుట్టూ నేల మీద గీత గీస్తే అది ఎఫ్‌టీఎల్ గీత. వరద వచ్చినప్పుడు నీళ్లు దీన్ని దాటి ఇంకా పైకి ఎక్కుతాయి. దాన్ని గరిష్ఠ నీటి మట్టం అంటారు, ఆ లెక్క వేరే. కాబట్టి భారీ వానలప్పుడు నీళ్లు నిలిచిన ఫొటో చూపించి ఇదంతా ఎఫ్‌టీఎల్ అంటే కుదరదు. ఎండాకాలం ఫొటో చూపించి ఇక్కడ చెరువే లేదు అన్నా కుదరదు.

మట్టంలో చిన్న తేడా నేల మీద ఎంత తేడా తెస్తుందో లెక్క చూడండి. మన చెరువుల వెనక భాగం చాలా చదునుగా ఉంటుంది. రెండు వందల అడుగులకు ఒక అడుగు వాలు ఉందనుకుందాం. మత్తడి మీద మట్టం ఒక్క అడుగు తప్పు రాసుకుంటే వెనక గీత రెండు వందల అడుగులు జరుగుతుంది. అంటే ఒక చిన్న రైతు కమతం మొత్తం. మత్తడిని ఒక అడుగు ఎత్తు చేసినా ఇంతే. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైన నాటి నుంచి ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు, కట్టలు, మత్తళ్లు బాగుచేశారు. మంచిదే. కానీ మత్తడి మట్టం మారిందా, పాతదే ఉందా అన్నది మన ఊరి చెరువు విషయంలో కాగితం మీద తేల్చుకోవాలి. మట్టం పెంచి పట్టా భూమిని ముంచితే అది భూమి తీసుకోవడమే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలని మనం అడగాలి.

మూడోది బఫర్. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నిబంధనల్లో ఈ కొలతలున్నాయి. పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు. అంతకు చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. వాగు, కాలువ, నాలా వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, పది మీటర్ల లోపు అయితే 2 మీటర్లు. నదికి మున్సిపల్ హద్దుల బయట 100 మీటర్లు, లోపల 50 మీటర్లు.

బాగా గుర్తుపెట్టుకోండి. ఇవి భవన నిర్మాణ నిబంధనలు. బఫర్‌లో ఇల్లు, షెడ్డు, వెంచర్ కట్టవద్దన్నది దీని సారం. నాగలి పెట్టవద్దని ఇందులో లేదు. బఫర్‌లో వరి వేసుకునే రైతునూ, బఫర్‌లో అపార్ట్‌మెంట్ లేపినవాడినీ ఒకే గాటన కట్టే అధికారి ఎదురైతే, ఏ నిబంధన కింద సాగు ఆపమంటున్నారో రాసివ్వమని అడగండి. అలాగే మనవైపు నుంచి కూడా న్యాయంగా ఉండాలి. శిఖం పట్టా ఉన్న రైతు నీళ్లు తగ్గాక పంట వేసుకోవచ్చు. అంతేగానీ మట్టి పోసి ఎత్తు చేయడానికీ, గోడ కట్టడానికీ ఆ పట్టా పనికిరాదు. అలా చేసినవాడు మన సభ్యుడైనా సంఘం వెనకేసుకు రాకూడదు.

నాలుగోది చిత్తడి నేల గీత. ఇది కేంద్ర పర్యావరణ శాఖది. 2010లో మొదటి నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2017 సెప్టెంబరులో కొత్తవి వచ్చాయి. చిత్తడి నేల అంటే సహజమైనదైనా మనిషి చేసినదైనా, ఎప్పుడూ నీళ్లున్నా కొంతకాలమే ఉన్నా, మంచినీళ్లయినా ఉప్పునీళ్లయినా, నీళ్లు నిలిచే చిత్తడి ప్రాంతం అని విశాలంగా నిర్వచించారు. ఆ వెంటనే కొన్నింటిని మినహాయించారు. నదీ ప్రవాహ మార్గాలు, వరి పొలాలు, తాగునీటి కోసమే కట్టిన చెరువులు, చేపల పెంపకం, ఉప్పు తయారీ, వినోదం, సాగునీటి కోసమే ప్రత్యేకంగా కట్టిన నిర్మాణాలు ఇందులోకి రావు.

వరి పొలం రాదు అన్నది మనకు ఊరట. సాగునీటి కట్టడం రాదు అన్నది మాత్రం ఆలోచించాల్సిన మాట. కాకతీయుల కాలం నుంచి కట్టుకుంటూ వచ్చిన మన గొలుసుకట్టు చెరువులు సాగునీటి కోసం కట్టినవే. ఆ మినహాయింపు చూపించి, ఈ చెరువుకు చిత్తడి నేలల రక్షణ లేదు అని వాదించే దారి ఉంది. అప్పుడు చెరువును కాపాడాల్సింది నీటిపారుదల చట్టాలు, రెవెన్యూ రికార్డు, 2002 వాల్టా చట్టం. అందుకే శిఖం రికార్డు చెడిపోకుండా చూసుకోవడం ఆయకట్టు రైతు మొదటి పని.

ఈ నిబంధనల కింద నోటిఫై అయిన చిత్తడి నేలలో ఆక్రమణ, పరిశ్రమలు, చెత్త పోయడం, శుద్ధి చేయని మురుగు వదలడం నిషేధం. గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల శాశ్వత కట్టడాలు కట్టకూడదు. చూశారా, ఇక్కడ కొలత మొదలయ్యేది వరద మట్టం నుంచి, ఎఫ్‌టీఎల్ నుంచి కాదు. అందుకే మీటర్లు ఎన్ని అని అడిగితే సరిపోదు, ఎక్కడి నుంచి అని కూడా అడగాలి.

ఇక ఉపగ్రహ పటం సంగతి. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం దేశం మొత్తానికీ చిత్తడి నేలల అట్లాస్ తయారు చేసింది. రెండుంపావు హెక్టార్లు, అంటే సుమారు అయిదున్నర ఎకరాలు దాటినవాటిని లెక్కించి, మొదటి అట్లాస్‌లో 2,01,503 అని తేల్చారు. వాటిని కాపాడాలని 2017లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2021 అట్లాస్‌లో ఆ సంఖ్య 2,31,195 అయింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఈ పటాన్ని నేల మీదికి వెళ్లి సరిచూసి హద్దులు తేల్చమని రాష్ట్రాలకు మూడు నెలల గడువు పెట్టింది. ఆకాశం నుంచి చూసిన గీత ఒక్కటే చాలదు, నేల మీద నడిచి చూడాలి అన్నదే దీని అర్థం. ఆ నడక నడిచే రోజున రైతు అక్కడ ఉండాలి.

గీత విలువ ఎంతో తెలియాలంటే కొల్లేరు చూడండి. 1999 అక్టోబరులో జీవో 120తో +5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. కాంటూరు అంటే సముద్ర మట్టం నుంచి అంత ఎత్తున్న నేలనంతా కలుపుతూ గీసిన గీత. +3 దగ్గర గీస్తే 135 చదరపు కిలోమీటర్లే. రెండంటే రెండు అడుగుల మట్టం తేడాలో నలభై రెండు వేల ఎకరాలకు పైగా ఉన్నాయి. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చినప్పుడు చూపిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఒకే సరస్సుకు ఎన్ని లెక్కలో చూడండి.

ఆ +5 గీత లోపల వేల ఎకరాల జిరాయితీ భూములున్నాయి. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాలకు చెరువులు తవ్వుకోమని భూమి ఇచ్చింది. తర్వాత పెట్టుబడిదారులు దిగి పెద్ద పెద్ద చేపల చెరువులు తవ్వారు. 2006లో గట్లు కొట్టేసినప్పుడు బడా చెరువులతో పాటు చిన్నవాళ్ల బతుకులూ కొట్టుకుపోయాయి. 2008లో శాసనసభ గీతను +3కి తగ్గించమని తీర్మానం చేసింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించవద్దని చెప్పింది. గీత మొదట గీసినప్పుడే లోపలున్న పట్టాదారుడి హక్కు తేల్చి, పరిహారమిచ్చి ఉంటే ఇన్నేళ్ల గొడవ ఉండేదా?

అలాగని గీత చెరిపేయండి అనలేం. కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే సముద్రంలోకి తీసుకుపోతుంది. నీళ్లు పోయే దారి మూసుకుపోతే పైన పొలాలు, ఊళ్లు మునుగుతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడను ముంచిన తీరు మనమంతా చూశాం. వాగుకు మనం హద్దు పెట్టకపోతే అదే పెట్టుకుంటుంది.

న్యాయస్థానాల మాట కూడా తెలుసుకోవాలి. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, కుంటలు సమాజం ఉమ్మడి ఆస్తి అంది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అయితే ప్రభుత్వ నోటిఫికేషన్ కింద భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు లీజుగా ఇచ్చిన సందర్భాలను ప్రత్యేకంగా చూడవచ్చని అదే తీర్పులో ఉంది. బుల్డోజర్ తెచ్చేవాళ్లు మొదటి సగమే చదువుతారు. రెండో సగం మనం చదివి వినిపించాలి.

ఇక చేయాల్సిన పనులు. గ్రామ నక్షా, సేత్వార్, టిప్పన్ ధ్రువీకృత నకళ్లు ప్రతి గ్రామ కమిటీ దగ్గర ఉండాలి. నీటిపారుదల శాఖ నుంచి చెరువు వివరాలు తీసుకోవాలి. మత్తడి మట్టం, ఎఫ్‌టీఎల్, ఆయకట్టు, నిల్వ సామర్థ్యం అందులో ఉండాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, ముప్పై రోజుల గడువుంది. సర్వేకు వచ్చినప్పుడు రెవెన్యూ, నీటిపారుదల శాఖలు కలిసి రావాలని, ముందుగా నోటీసు ఇవ్వాలని కోరండి. మట్టం ఏ రాయి నుంచి తీసుకున్నారో అడిగి రాసుకోండి. పంచనామా చదవకుండా సంతకం పెట్టవద్దు. ఒప్పుకోకపోతే ఆ ముక్క అందులోనే రాయించండి.

ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే అభ్యంతరానికి గడువు ఉంటుంది. చిత్తడి నేలల నిబంధనల్లో అది అరవై రోజులు. నోటితో చెప్పింది లెక్కకు రాదు, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కౌలు రైతులను మరవకండి. భూమి యజమాని పట్నంలో ఉంటే పంచనామాలో సాగుదారుడి పేరే ఉండదు. నష్టం మాత్రం అతనిదే. ఆ పేరు రాయించడం కమిటీ బాధ్యత.

సంఘంగా మన వైఖరి ఇలా ఉండాలని నా ప్రతిపాదన. చెరువుకు శాస్త్రీయమైన, అందరికీ కనబడే హద్దు కావాలి. హద్దురాళ్లు పాతాలి, పటం పంచాయతీ గోడ మీద అంటించాలి. గీత లోపల న్యాయంగా పట్టా ఉన్నవాడికి సాగు హక్కు ఉండాలి. ఆ హక్కు తీసేస్తే పరిహారం ఇవ్వాలి. కూల్చివేతలు మొదలయ్యేది గుడిసె నుంచి కాదు, పెద్ద కట్టడం నుంచి. ఈ నాలుగు మాటల మీద ఆయకట్టు రైతు, శిఖం రైతు ఒక్కచోట నిలబడగలరు.

వానాకాలం పనులు పడకముందే ప్రతి గ్రామ కమిటీ నక్షా చేతబట్టుకుని చెరువు చుట్టూ ఒకసారి నడవాలి. ఎక్కడ రాయి ఉంది, ఎక్కడ మట్టి పోశారు, ఎవరి చేను ఎంత దూరంలో ఉంది అన్నీ రాసుకోవాలి. వచ్చే మండల సమావేశానికి ఆ కాగితాలతో రండి. మిగతా చర్చ వాటిని ముందు పెట్టుకుని చేద్దాం.