తౌబా చేయించిన మరునాటి రాత్రి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మత్తు మాన్పించే వైద్యంలో కౌన్సిలర్ చేసే పనిని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కౌన్సిలరంటే మునిసిపాలిటీ కౌన్సిలరే అనుకున్నవాళ్ళం మేము. ఉర్దూ బడిలో లెక్కలు చెప్పుకొనే మాకు ఈ సంగతులు తెలియడానికి కారణం మేము చేసిన ఒక తప్పు.

మన మొహల్లాలో ఒక భాయి. పేరు చెప్పము, మీరూ ఊహించవద్దు. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడు. వాళ్ళ అమ్మీ ఏడిస్తే మేము నలుగురం వెళ్ళి, జుమా నమాజు తర్వాత తౌబా చేయించి, ఇంట్లో పెట్టి గడియ వేశాము. పుణ్యం చేశామని సంతోషించాము కూడా. శనివారం చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. వేషాలన్నాము. ఆ రాత్రి ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరుగారు, “ఏళ్ళ తాగుడు ఇట్లా ఒక్కసారి ఆపిస్తారా? ప్రాణం పోయేది” అన్నారు. తల వంచుకొని నిలబడ్డాము.

రోజూ తాగే శరీరం మత్తుకు అలవాటు పడి ఉంటుంది. హఠాత్తుగా ఆగితే కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, తర్వాత లేనివి కనబడటం, మతి తప్పడం. అందుకే డాక్టరు మాత్రలిచ్చి, రోజురోజుకూ తగ్గిస్తారు. బి1 విటమిన్ ఇస్తారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి, అల్ప్రాజోలం వంటి మందు కలిపిన కల్లు దొరక్క తెలంగాణ జిల్లాల్లో వందలమంది ఆసుపత్రుల పాలైనదీ ఇందుకే.

ఒళ్ళు వారం పది రోజుల్లో తేరుకుంది. తర్వాతిదే కౌన్సిలర్ పని. ఓ.పి. చీటీతో వారం వారం వెళ్ళాలి. ఆ అమ్మాయి ఎందుకు తాగావని ఒక్కసారీ అడగలేదు. ఏ వేళకు బుద్ధి పుడుతుంది? కూలి డబ్బు ఎవరి చేతికిస్తావు? పనినుంచి ఏ దారిన ఇంటికొస్తావు? దారి మార్చుకుంటానని అతనిచేతే అనిపించింది. భార్యతో విడిగా మాట్లాడింది. మేము మధ్యలో నసీహత్ మొదలుపెడితే, “మాస్టారూ, కాసేపు బయట కూర్చోండి” అన్నది. మమ్మల్ని క్లాసు బయటికి పంపినవాళ్ళు చిన్నప్పటి ఉస్తాదుల తర్వాత ఆమే!

నాలుగు నెలలకు మళ్ళీ తాగాడు. తౌబా విరిగిందని ఇంట్లో శాపనార్థాలు. ఏ ముఖంతో పోను, ఓ.పి.కి రానన్నాడు. ఆమె మాతో, “మళ్ళీ తాగినవాళ్ళ గురించి కాదు సార్, తాగి సిగ్గుతో రావడం మానేసినవాళ్ళ గురించే మాకు బెంగ” అన్నది. బతిమాలి తీసుకుపోయాము.

మద్యం మీద నిషేధం ఒక్కరోజున కాక, విడతలు విడతలుగా దిగిందని మక్తబు పిల్లలకు కూడా తెలుసు. హుకుం సడలిందని మేము అనడం లేదు, హరామ్ హరామే. కాని మనిషి మారడానికి కొంత వ్యవధి పడుతుందన్న సంగతి మనవాళ్ళకు కొత్తగా ఎందుకుండాలి? మన ఇళ్ళలో తాగుడు లేదని పైకి చెప్పుకుంటాము, ఇజ్జత్ కోసం దాస్తాము. దాచిన ఇంటివాడే ఆసుపత్రికి ఆలస్యంగా చేరుతున్నాడు.

14446కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా దారి చెబుతారు. సోమవారం మా భాయితో మళ్ళీ ఓ.పి.కి వెళుతున్నాము. వెంట రాదలచినవారు ఆదివారం మగ్రిబ్ తర్వాత మా ఇంటికి రండి. వెనుక గుమ్మం తెరిచే ఉంటుంది.