పిల్లలు లేరంటే పరీక్ష ఇద్దరికీ



గుడ్డ సరిగ్గా రాకపోతే పడుగూ చూస్తాం, పేకా చూస్తాం. పిల్లలు కలగకపోతే మాత్రం కోడలినే గుళ్లకీ ఆస్పత్రులకీ తిప్పుతాం. షోలాపూర్ అయినా బరంపురం అయినా మన ఇళ్లల్లో ఇదే తీరు. ఆమెకి స్కానింగులు, సూదులు, ఆపైన మాటలు. అబ్బాయికి ఒక్క వీర్యపరీక్ష చేయించం. తక్కువ ఖర్చులో అయ్యేది అదే.

నూరుమంది మగవాళ్లలో దాదాపు ఒకరికి వీర్యంలో కణాలు అసలుండవు. అజూస్పెర్మియా అంటారు. సంసారానికి లోటుండదు, వీర్యం మామూలుగానే వస్తుంది, అందుకే పైకి తెలీదు. మగతనానికీ దీనికీ సంబంధం లేదు. ఒక్క రిపోర్టుతో తేల్చకుండా రెండోసారీ చేయించాలి.

కొందరికి కణాలు తయారవుతాయి గానీ దారి మూసుకుపోయి ఉంటుంది. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల కావచ్చు, హెర్నియా ఆపరేషన్ వల్ల కావచ్చు, పుట్టుకతోనే నాళం లేకపోవచ్చు. కొందరికి తయారీయే ఉండదు. జన్యులోపం, వయసొచ్చాక గవదబిళ్లలు వృషణాలకి పాకడం, పసితనంలో వృషణాలు కిందికి దిగకపోవడం దానికి కారణాలు. మనవడికి అలా ఉంటే ఏడాదిన్నర లోపే ఆపరేషన్ చేయించండి. కండల కోసం టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకునే కుర్రాళ్లకీ కణాలు ఆగిపోతాయి, ఇది మాత్రం వాళ్లకి గట్టిగా చెప్పాలి.

మెదడు నుంచి రావాల్సిన హార్మోను తక్కువైతే నెలల తరబడి సూదులతో చాలామందికి కణాలొస్తాయి. అడ్డుంటే కొందరికి ఆపరేషన్. లేదంటే వృషణం నుంచే కణం తీసి అండంలోకి ఎక్కిస్తారు, దాన్నే ఇక్సీ అంటారు. 1992 నుంచి ఇక్సీతో పిల్లలు పుడుతున్నారు. తయారీ లేనివాళ్లందరికీ కణం దొరకదు. అప్పు చేసేముందే ఆ అవకాశమెంతో డాక్టర్ని అడగండి. దాత వీర్యం, దత్తత కూడా ఉన్నాయి. అబ్బాయికి రెండో పెళ్లి చేస్తే మాత్రం కణాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?