కొలిమి దగ్గర షిఫ్టు అడగండి

పట్టాలు అందుకున్న లోహశాస్త్ర విద్యార్థులందరికీ అభినందనలు.

2016 అక్టోబర్ 28న షికాగో ఓహేర్ విమానాశ్రయంలో ఒక బోయింగ్ 767 రన్‌వే మీద వేగం అందుకుంటూండగా కుడి ఇంజన్‌లో టర్బైన్ డిస్కు పగిలింది. ఒక ముక్క దాదాపు తొమ్మిది వందల మీటర్ల అవతల గోదాము కప్పును చీల్చుకుని పడింది. రెక్క అంటుకుంది. అయినా విమానంలోని 170 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. దర్యాప్తులో దొరికిన కారణం డిస్కు లోపలి ఒక మచ్చ. సుమారు ఇరవై ఏళ్ళ కిందట, లోహం కరిగించిన నాడు పుట్టినది. అప్పటి తనిఖీలకు అందే రకం కాదు.

ఆ డిస్కు చేసిన 718 మిశ్రలోహం మీరు చదివినదే. సగం పైచిలుకు నికెల్, ఆపైన ఇనుము, క్రోమియం. నియోబియం అయిదు శాతం దగ్గర. 650 డిగ్రీల వేడిలోనూ లోహం సాగకుండా పట్టి ఉంచేది ముఖ్యంగా ఆ కాస్తే. చిక్కూ దానితోనే. ముందు గట్టిపడే స్ఫటికాలు నియోబియాన్ని మిగిలిన ద్రవంలోకి నెట్టేస్తాయి. చివరికి గడ్డకట్టే సందుల్లో అది పోగుపడి పెళుసైన లావెస్ దశ అవుతుంది.

అందుకే కీలకమైన డిస్కుల లోహాన్ని మూడుసార్లు కరిగిస్తారు. వాక్యూమ్ ఇండక్షన్‌లో పాళ్ళు కుదురుతాయి, ఎలక్ట్రోస్లాగ్‌లో మలినాలు పోతాయి. నన్ను ఎప్పుడూ నిలబెట్టేసేది మూడోదైన వాక్యూమ్ ఆర్క్. ఎలక్ట్రోడ్ కొన చుక్కలు చుక్కలుగా రాలుతూ, నీటితో చల్లబడే రాగి మూసలో మడుగు కడుతుంది. కరెంటు ఎక్కువైతే మడుగు లోతై, నియోబియం దండిగా ఉన్న ద్రవం ధారలు కట్టి ఫ్రెకిల్స్ పడతాయి. తక్కువైతే మూస అంచున పేరుకున్న పెచ్చు మడుగులో పడి కరగకుండానే ఉండిపోవచ్చు. అదే తెల్లమచ్చ, నియోబియం తక్కువ గనుక బలమూ తక్కువ. షికాగో డిస్కులోదీ ఆ జాతిదే, పైగా ఆక్సైడ్లు అంటినది. ఆ డిస్కూ మూడుసార్లు కరిగించిన లోహమే! సర్టిఫికెట్‌లో పాళ్ళన్నీ సరిగ్గా ఉన్నా ఇలాంటి మచ్చ సంగతి అందులో కనబడదు.

మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో వెలసిన ప్రభుత్వ లోహ సంస్థ మిధానిలో ఈ మూడు రకాల కొలిములూ ఉన్నాయి. అక్కడికి వెళ్ళినా, ఇంకెక్కడికి వెళ్ళినా మొదటి ఏడాది ఆఫీసులో సీటు అడక్కండి, కొలిమి దగ్గర షిఫ్టు అడగండి. కరెంటు గీత ఒక్క క్షణం తడబడినా హీట్ లాగ్‌లో ఉన్నదున్నట్టు రాయండి. అనుమానం ఉన్న ఇంగాట్‌ను, ఎంత ఖరీదైనదైనా, పక్కన పెట్టమని పట్టుబట్టండి.