హాజరుపట్టీలో పేరు, ఉపాధ్యాయుని చూపు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ఛాత్రోపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టెట్‌లోని 150 మార్కుల్లో 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీకి కేటాయించారు. పియాజే దశలు, వైగాట్‌స్కీ సిద్ధాంతం, మాస్లో అవసరాల క్రమం మీలో చాలామందికి కంఠస్థమై ఉంటాయి. ఆ సిద్ధాంతాలు మన మూడు పట్టణాల బడుల్లో చివరి బల్ల మీద కూర్చున్న ముస్లిం బిడ్డ దగ్గరికి చేరుతున్నాయా అన్నదే ఈనాడు మేము మీ ముందుంచదలచిన ప్రశ్న.

2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ తన నివేదికను సమర్పించింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం బాలబాలికల్లో నూటికి 25 మంది అసలు బడి ముఖం చూడలేదని, లేదా మధ్యలోనే మానేశారని ఆ నివేదిక తేల్చింది. ముస్లిములు పిల్లలను మదర్సాలకే పంపుతారన్న అపోహనూ అది తొలగించింది. బడి వయసు పిల్లల్లో మదర్సాలకు వెళ్లేవారు సుమారు 3 శాతమేనని లెక్క చూపింది. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి. వాటి వల్ల మేలు జరిగింది. అయినా గురుకులంలో సీటు దొరకని బిడ్డ చదివేది మామూలు ప్రభుత్వ బడిలోనో, వీధి చివరి ప్రైవేటు బడిలోనో. రేపు ఆ తరగతి గదుల్లో అడుగుపెట్టేది మీరే.

బిడ్డ బడి మానేయడానికి పేదరికం కారణమని అందరం అంటాము. అది నిజమే. ఆ పేదరికానికి తోడు తరగతి గదిలో జరిగే మరో నష్టం ఉంది. దానిని మనోవిజ్ఞానం స్పష్టంగా చూపించింది.

1968లో రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జాకబ్సన్ అమెరికాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో చేసిన అధ్యయనాన్ని ప్రకటించారు. ప్రతి ఐదుగురిలో ఒకరిని ఏ ప్రాతిపదికా లేకుండా ఎంచి, వీరు త్వరలో బాగా రాణిస్తారని ఉపాధ్యాయులకు చెప్పారు. సంవత్సరాంతానికి ఒకటి, రెండు తరగతుల్లో అలా ఎంచిన పిల్లలు ప్రజ్ఞా పరీక్షల్లో తోటివారికంటే ఎక్కువ మెరుగుదల చూపారు. ఆ ప్రభావం ఎంత పెద్దదన్న విషయంపై తరువాత చాలా చర్చ జరిగింది. ఉపాధ్యాయుని అంచనా ఆయన చూపులో, ఇచ్చే సమయంలో, అడిగే ప్రశ్నలో బయటపడుతుందని మాత్రం బోధనలో ఉన్నవారందరికీ తెలుసు. ఒక బిడ్డ తడబడితే “ఆలోచించు, వస్తుంది” అంటాము. మరో బిడ్డ తడబడితే “వీడు రేపు మెకానిక్ షెడ్డుకు పోయేవాడేలే” అనుకొని పక్కవాడిని లేపుతాము. ఆ రెండో బిడ్డ ఆ రోజు లెక్క నేర్చుకోలేదు. తన స్థానం ఏమిటో నేర్చుకున్నాడు.

ఆ అంచనా చాలాసార్లు హాజరుపట్టీలో పేరు చదవగానే మొదలవుతుంది. మన ప్రాంతం ఈ విషయంలో మనకొక మంచి పాఠం చెబుతోంది. పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు ఏటా జనవరిలో హిందువులు, ముస్లిములు కలిసి వస్తారు. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లు ఇక్కడి హిందూ కుటుంబాల్లోనూ ఎన్నో ఉన్నాయి. పేరును బట్టి మతాన్ని ఊహిస్తేనే పొరబడే ఈ నేల మీద, పేరును బట్టి బిడ్డ తెలివిని కొలవడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

మన దేశంలోనే జరిగిన మరో అధ్యయనం చూడండి. కర్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామీణ ప్రాంతంలో బాలురకు చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనిపెట్టమన్నారు. కులం ప్రస్తావన రానంతవరకు అగ్రకులాల పిల్లలు, అణగారిన కులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ఎదుట కులం పేరు చదివాక అణగారిన కులాల పిల్లలు వెనుకబడ్డారు. 2006లో ప్రచురితమైన ఈ ఫలితం మనందరినీ ఆలోచింపజేయాలి. భారత్–పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ మర్నాడు తరగతిలో ఒక బిడ్డ వైపు తిరిగి “నిన్న నువ్వు ఎవరి పక్షం?” అని నవ్వుతూ అడిగేవారు ఉన్నారు. అడిగినవారికి అది హాస్యం. ఆ బిడ్డకు అది అందరి ఎదుట తన గుర్తింపును విచారణకు పెట్టడం.

ఇక భాష సంగతి. మన పట్టణాల్లో చాలా ముస్లిం ఇళ్లలో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. దూదేకుల ఇళ్లలో తెలుగే ఇంటి భాష. దక్కనీ ఇంట్లో తల్లి “క్యా హోనా?” అని అడిగితే బిడ్డ “నక్కో” అంటుంది. వీధిలో తెలుగు, సాయంత్రం మక్తబ్‌లో అరబ్బీ అక్షరాలు, 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో సైతం ఆంగ్ల మాధ్యమం. ఒక్క రోజులో నాలుగు భాషలు దాటే ఆ పసి మనసును మనం “మొద్దు” అంటున్నాము. మాట్లాడే భాష రెండేళ్లలో పట్టుబడినా చదువుకు కావలసిన భాష పట్టుబడటానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని జిమ్ కమిన్స్ అనే కెనడా పండితుడు వివరించారు. తండ్రి పండ్ల బండి దగ్గర వంద నోటుకు చిల్లర తప్పు లేకుండా లెక్కగట్టే పిల్లవాడు “రెండు సంఖ్యల భేదమెంత?” అన్న ప్రశ్న ముందు ఆగిపోతాడు. వాడికి తీసివేత వచ్చు. భేదం అన్న మాట తెలియదు. వైగాట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం అంటే ఇదే. అక్కడ కావలసిన ఊత ఒక్క మాట. ఆ మాట ఇచ్చేవారు లేక బిడ్డ సున్నా మార్కులతో ఇంటికి వెళుతున్నాడు.

ఇది ఉపాధ్యాయుని దయాదాక్షిణ్యాలకు వదిలిన విషయం కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. 29వ సెక్షన్ బిడ్డకు భయాందోళనలు లేని చదువును, సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధనను కోరుతున్నది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనా వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం నిర్దేశించింది. ఎగతాళి మాట కూడా వేధింపే అవుతుందని మరువవద్దు.

అందువల్ల మిమ్మల్ని కొన్ని కోరుతున్నాము. మొదటి వారంలోనే ప్రతి బిడ్డ పేరును ఇంట్లో ఎలా పిలుస్తారో అడిగి, అలాగే పలకండి. ప్రశ్న అడిగాక జవాబు కోసం అందరికీ సమానంగా ఆగండి. వారానికొకసారి ఎవరిని ఎన్నిసార్లు అడిగారో లెక్క చూసుకోండి. బిడ్డ దక్కనీలో జవాబు చెబితే ముందు ఆ జవాబును స్వీకరించి, తరువాత తెలుగు మాటో ఆంగ్ల మాటో అందించండి. కొన్నేళ్లుగా రంజాన్ మాసం పరీక్షల కాలంలో వస్తున్నది. ఉపవాసమున్న పిల్లలకు కష్టమైన అభ్యాసాలను ఉదయమే ముగించండి. బిడ్డ వరుసగా రెండు రోజులు రాకపోతే ఇంటికి కబురు పంపండి. ముఖ్యంగా ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లల విషయంలో ఆలస్యం చేయవద్దు.

ఈ సభలో ఉన్న అమ్మీలకు, అబ్బాలకు కూడా ఒక మాట. “మనవాళ్లకు చదువులెక్కడ అబ్బుతాయి” అని పిల్లల ఎదుట అనకండి. ఉపాధ్యాయుని తక్కువ అంచనా బిడ్డను ఎంత కుంగదీస్తుందో, కన్నవారి తక్కువ అంచనా అంతకు మించి కుంగదీస్తుంది. తల్లిదండ్రుల సమావేశానికి రోజు కూలి పోయినా సరే ఒకరైనా వెళ్లండి. మీరు వచ్చి అడుగుతారని తెలిసిన బడిలో మీ బిడ్డ చివరి బల్ల మీద మిగిలిపోదు.

ఛాత్రోపాధ్యాయ మిత్రులారా, మీలో ముస్లిములూ ఉన్నారు, ఇతరులూ ఉన్నారు. మా బిడ్డలకు అదనపు మార్కులు వేయమని మేము కోరడం లేదు. పక్క బిడ్డకు ఇచ్చే ఓపికనే మా బిడ్డకూ ఇవ్వండి. రేపు హాజరు పిలిచేటప్పుడు ఒక పేరు దగ్గర మీ గొంతు మారకపోతే, మీరు చదివిన మనోవిజ్ఞానం సార్థకమైనట్లే.